ఏమీ చెయ్యకూడని సగం

పట్టా బయమ్మ పేరు మీదే ఉంది. అయినా ఆ మూడెకరాల గురించి ఎవరికి ఏం కావాల్సి వచ్చినా బయమ్మను అడగరు. పంట నమోదు చేసేవాళ్ళు, బీమా మాట చెప్పేవాళ్ళు, విత్తనాల టోకెన్లు ఇచ్చేవాళ్ళు, అందరూ నల్లమాడ బస్టాండులో ఆమె మొగుడు జయరాజును ఆపి మాట్లాడతారు. జయరాజు బేల్దారి మేస్త్రీ. చేనుకు పోయేది ఏడాదికి ఏ నాలుగుసార్లో. విత్తేదీ, కలుపు తీసేదీ, పందులను తరిమేదీ, కాయ పెరికేదీ బయమ్మ. మన దగ్గర రైతు అనే మాటకు మీసాలుంటాయి గనక ఆమె రైతు భార్య.

ఆమె ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఎస్సీ కాలనీకి ప్రభుత్వం భూములు పంచింది. పంచిందంటే, అంతదాకా ఎవరూ కన్నెత్తి చూడని గుట్ట వాలు పంచింది. చాలామంది పట్టా కాగితం పెట్టెలో పెట్టుకుని ఎప్పటిలా కూలికి పోయారు. బయమ్మ పొద్దున కూలికి పోయి, సాయంత్రం వచ్చి రాళ్ళు ఏరేది. పెద్ద కూతురు కడుపులో ఉన్నప్పుడు పెట్టుకున్న ఆ పని చిన్న కూతురు నడక నేర్చేనాటికి గాని తెమలలేదు. ఏరిన రాళ్ళే గట్టయ్యాయి. మొదట్లో కొర్ర, జొన్న, అలసంద కలిపి చల్లింది. తర్వాత ఊరంతా వేరుశెనగ వేస్తుంటే తానూ వేసింది. రాయితీ విత్తనం వేరుశెనగకే, బ్యాంకు అప్పు వేరుశెనగకే, బీమా వేరుశెనగకే. జిల్లాకు జిల్లాను ఒక్క పంట మీద నిలబెట్టి, వాన మొహం చాటేసినప్పుడల్లా రైతుకు తెలివి లేదన్నారు.

మంది చేలల్లో, కూలికి పోయినచోట, బయమ్మ ఎప్పుడూ చెప్పినట్లే చేసింది. గుంత తీయమంటే తీసింది, తీసిన గుంత పూడ్చమంటే పూడ్చింది. ఎందుకని అడిగితే రేపు పిలవరు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పని చోటు ప్రపంచంలో ఆ మూడెకరాలొక్కటే.

ఆ చేని మీద నిరుడు వేసవిలో సోలార్ కంపెనీ కన్ను పడింది. కంపెనీ మనుషులు నేరుగా రాలేదు. సురేంద్ర వచ్చాడు. బయమ్మ చేనికి ఆనుకుని కింద వాలులో ఉన్న పదెకరాలు అతనివి. పార్టీ పనులు, ట్రాక్టరు బాడుగలు, భూముల బేరాలు అన్నీ అతని చేతి మీదుగా జరుగుతాయి. వయసులో బయమ్మ పెద్ద కూతురి కన్నా రెండేళ్ళు పెద్ద. అతను ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు, ఆమె అతన్ని అన్నా అంటుంది. ఇది ఊళ్ళో ఎవరికీ వింతగా అనిపించదు.

"ఏమ్మే బయమ్మా, ఎండలో ఎండేది ఎట్లా ఎండుతాండావు. ఆ ఎండనే అమ్ముకోరాదా?" అన్నాడు సురేంద్ర.

"ఎండ నాదైతే కదన్నా అమ్మేది."

"చేను నీది కదా. ముప్పై ఏండ్లకు గుత్త. నువ్వు ఇంట్లో కాళ్ళు చాపుకోని కూచుంటే ఏడాదేడాదికీ దుడ్లు ఇంటికొస్తాయి. నా పదెకరాలు ఇచ్చేస్తాండా. గుట్టకూ నా చేనుకూ నడిమధ్యన నీ ముక్క అడ్డం ఉండాది."

ప్రభుత్వమిచ్చిన డీకేటీ భూమిని గుత్తకివ్వడానికి చట్టం ఒప్పుకుంటుందా అని ఎవరూ అడగలేదు. అది తాను చూసుకుంటానని సురేంద్ర అడక్కముందే అన్నాడు. కావాల్సింది బయమ్మ వేలిముద్ర. ఆమె పెట్టనంది.

జయరాజు మాత్రం ఆశపడ్డాడు. అతన్ని తప్పు పట్టడం కష్టం. సారవ కర్రల మీద ముప్పై ఏళ్ళు నిలబడి గోడలు కట్టిన మోకాళ్ళు అతనివి. ఇంటికి తెచ్చిన కూలి ప్రతి జూన్‌లో విత్తనమై మట్టిలోకి పోవడం చూసినవాడు. "పదేండ్లలో ఎన్నిసార్లు ఇత్తనమన్నా తిరిగొచ్చింది, నువ్వే చెప్పు," అనేవాడు. బయమ్మ చెప్పేది కాదు. చెబితే అతనిదే గెలుపు.

అదే నెలలో ఇంద్రాణి వచ్చింది. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. గుమ్మఘట్ట వైపు మెట్ట రైతు బిడ్డ. వాలు మీద ఉన్న ఎర్రనేల కోసం ఊళ్ళన్నీ తిరిగి, బయమ్మ చేనులో ఆగింది. అందరిలా జయరాజును వెతుక్కుంటూ పోలేదు, గట్టు మీద కూర్చుని బయమ్మతోనే మాట్లాడింది. బయమ్మ ఒప్పుకోవడానికి అదే సగం కారణం.

పని చాలా తేలిక. చేను మధ్యలో తాడు కట్టి రెండు సగాలు చేస్తారు. రెండింటిలో ఒకటే విత్తనం, ఒకే రోజు విత్తు. పైసగంలో కొన్ని సాళ్ళకొకటిగా వాలుకు అడ్డంగా చిన్న కాలువలు తీసి, వాననీళ్ళు పారిపోకుండా ఆపాలి. సాళ్ళ మధ్య కానుగాకు పరిచి, మట్టికి ఎండ తగలకుండా చూడాలి.

"ఆకు పరిస్తే ఊడలు దిగేదానికి అడ్డం కాదా మేడమ్మా?" అంది బయమ్మ. పూత రాలాక ఊడ మట్టిలోకి దిగితేనే కాయ.

"సాలు మీద కాదక్కా, సాలుకూ సాలుకూ మధ్యన. అదీ పల్చగా."

"సరే. ఈ కిందసగం?"

"దాంట్లో ఏమీ చెయ్యొద్దు. మీరు ఎప్పుడూ చేసేట్లే చెయ్యండి. కొత్తది ఏదీ పెట్టొద్దు. అప్పుడే కదా తేడా తెలిసేది."

"రెండూ నా చేనే కదా?"

"మీదేనక్కా. కిందసగం పోల్చి చూసేదానికి."

బయమ్మ తలూపింది. తలూపింది గాని, ఆమెకు ఒక సంగతి అర్థం కాలేదు. తాను ఎప్పుడూ చేసేది ఏమిటి? ఒక్కో ఏడు ఒక్కో రకంగా చేస్తుంది. మొక్క మొహం చూసి చేస్తుంది. కానీ మేడం జీపెక్కేసింది.

ఈ మాట విన్న జయరాజు ఒక బేరం పెట్టాడు. సురేంద్ర ఎదుటే పెట్టాడు. "ఈ పంట దాకా చూద్దాం. ఆ మేడం చెప్పిన సగం, మనం చేసే సగం కన్నా ఎక్కువ పండిందా, చేను నీది. నేను గుత్త మాటెత్తను. తేడా లేదా, నువ్వు వేలేయాల."

"సరే," అంది బయమ్మ.

"మాట మీదుంటావు కదా?" అన్నాడు సురేంద్ర.

"ఉంటా."

జులైలో పదును వాన పడింది. విత్తారు. మొలక బాగా వచ్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం గుట్ట మీద నల్లగా కమ్ముకుని జడివాన కొట్టింది. బయమ్మ సంచి నెత్తిన వేసుకుని గట్టు మీద నిలబడి చూసింది. పైసగంలో నీళ్ళు కాలువ కాలువలోనూ ఆగి, మెల్లగా ఇంకుతున్నాయి. కిందసగంలో నీళ్ళు ఎర్రగా, టీ రంగులో, గట్టు సందుల్లోంచి సురేంద్ర చేనులోకి దుమికి పోతున్నాయి. నీళ్ళతో బాటు మన్ను పోతోంది. ఇన్నేళ్ళుగా పోతూనే ఉండాలి. కానీ పక్కన ఆగిన నీళ్ళు ఉన్నప్పుడే, పోయే నీళ్ళు కంట్లో పడతాయి.

వాన వెలిసీ వెలియకముందే ఆమె పార తీసుకుంది. చీకటి పడేలోపు కిందసగంలో నాలుగు కాలువలు, మర్నాడు మిగతావి. ఏమీ చెయ్యొద్దన్న మాట ఆమె మరచిపోలేదు. నీళ్ళు ఆపడం కూడా ఏదో చెయ్యడం కిందికి వస్తుందని ఆమెకు తోచలేదు. కొంచెం తోచిందేమో కూడా. తోచినా ఆమె చేతులు ఆగలేదు.

ఆగస్టులో వాన పోయింది. ఆకాశం తుడిచిపెట్టినట్లయింది. మధ్యాహ్నానికి కిందసగంలో ఆకులు ముడుచుకోవడం మొదలైంది. బయమ్మ వాగు గట్టున ఉన్న కానుగ చెట్ల నుంచి మోపులు మోపులు ఆకు తెచ్చి అక్కడా పరిచింది.

ఇంద్రాణి మళ్ళీ వచ్చేసరికి వేరుశెనగ తీగలు సాళ్ళను కప్పేశాయి. కిందసగంలో కాలువలు కంటికి ఆనలేదు. ఆమె గొట్టం దింపి రెండు వైపులా మట్టి తీసి, సంచుల్లో కట్టి, చేత్తో నలిపి చూసింది. మళ్ళీ తీసింది. మళ్ళీ నలిపింది.

"ఇదేందక్కా, రెండు పక్కలా తేమ ఒకేలా ఉంది?"

"ఉంటాదేమో మేడమ్మా."

"ఉండకూడదు కదా?" ఇంద్రాణి గొట్టాన్ని తిప్పి చూసింది, దాంట్లోనే లోపమున్నట్టు. అంతలో ఆమె కాలి కింద ఎండాకు గలగలమంది. "ఈ ఆకు ఇక్కడికెట్లా వచ్చింది?"

"గాలికొచ్చింటాది."

ఇంద్రాణి ఆమె వైపు చూసింది. గాలి కానుగాకును తీసుకొచ్చి సాళ్ళ మధ్యనే వరసగా పరుస్తుందా అని అడిగేదే. కానీ గట్టు అవతల డ్రైవరు హారన్ కొట్టాడు. ఇరవై ఊళ్ళకు ఒక్క జీపు. ఆ రోజే ఇంకో మూడు ఊళ్ళు చూడాలి. వారానికోసారి వచ్చి చూడాల్సిన మనిషిని పంటకు రెండుసార్లు పంపి, పరిశోధన చేస్తున్నామని చెప్పుకునే ప్రభుత్వం మనది. ఇంద్రాణి తల గోక్కుంటూ జీపెక్కింది. పోతూ పోతూ, "ఇట్లయితే తేడా రాదక్కా. మా పద్ధతి ఈ నేలలో పనిచెయ్యదని రాసుకోవాల్సి వస్తుంది," అంది.

ఆ మాట బయమ్మను ఇంటి దాకా వదల్లేదు. ఆ రోజు సంగటి ముందు కూర్చుని జయరాజు కూడా అదే అన్నాడు. "చేను మీదుగా వస్తి ఈ పొద్దు. రెండు పక్కలా ఒకే పచ్చన. మీ మేడం సగం ఏం మొనగాడు సగం కాదే."

"ఇంకా కాయ పట్టలేదు కదప్పా."

"పట్టనీలే."

తాను చేసిందేమిటో ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసింది. కిందసగాన్ని బతికించి, చేనును పోగొట్టుకుంటోంది. కిందసగం ఎండితేనే చేను దక్కుతుంది. ఇదేం లెక్క? ఎవరు పెట్టారు ఈ లెక్క? బేరానికి తానే కదా సరేనన్నది.

పొద్దున్నే తట్ట తీసుకుని పోయింది. పరిచిన ఆకు తీసేస్తే చాలు. వాన జాడ లేదు. నాలుగు ఎండలు కొడితే కిందసగం వాడిపోతుంది, పైసగం నిలబడుతుంది, తేడా అందరికీ కనబడుతుంది. మొదటి సాలులో కూర్చుని రెండు చేతులా ఆకు ఎత్తింది. కింద మట్టి నల్లగా, చల్లగా ఉంది. ఒక ఊడ, సూది మొన అంత, అప్పుడే మట్టిలో తల దూరుస్తోంది. ఆమె ఆకు మళ్ళీ కప్పేసింది. ఇంకోచోట కూర్చుంది. అక్కడ ఊడలు చూడకుండా, కళ్ళు పక్కకు తిప్పుకుని ఆకు ఎత్తి తట్టలో వేసుకుంది. తట్ట సగం నిండాక లేచి నిలబడింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు దాకా పోయి, వెనక్కొచ్చి, తీసినచోటే ఒలకబోసింది. ఒలకబోసి, పల్చగా సర్దింది. మంది చేనైతే, తీయమంటే తీసేసేది. అలవాటైన చేతులే కదా ఇవి, ఇక్కడెందుకు మొరాయిస్తున్నాయో ఆమెకు అంతుబట్టలేదు.

ఖాళీ తట్టతో ఇంటికొస్తే జయరాజు అడిగాడు. "గడ్డికి పోయింటివా?"

"ఊ."

"యాడ గడ్డి?"

"ల్యాదు."

సెప్టెంబరు నెలాఖరులో రెండు వానలు పడ్డాయి. అప్పటికే చాలా చేలు ఎండిపోయాయి. సురేంద్ర పదెకరాల్లో గొర్రెల్ని తోలించాడు. బయమ్మ చేను మాత్రం, గొప్పగా కాకపోయినా, చెట్టుకు నాలుగైదు గట్టి కాయలతో నిలబడింది. పెరికారు, కాయ కోశారు, రెండు వైపులవీ రెండు రాశులు పోశారు. ఇంద్రాణి కాటాతో వచ్చింది. ఒకసారి తూచింది. కాటాను ఇంకోచోటికి జరిపి మళ్ళీ తూచింది.

"ఒగటేనా మేడం?" అన్నాడు జయరాజు. గెలిచినవాడి గొంతులా లేదు అది.

"ఒకటే," అంది ఇంద్రాణి. మాట నూతిలోంచి వచ్చినట్లుంది.

బయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను ఆ పక్క గూడా చేసినా మేడమ్మా."

"ఏం చేశారక్కా?"

"కాలవలు తీసినా. ఆకు పర్సినా. గాలికి రాలేదు అది."

ఇంద్రాణి గోనెసంచి మీద కూర్చుండిపోయింది. తర్వాత ఒక్కసారిగా కోపమొచ్చింది. "ఎందుకక్కా? చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా, ఏమీ చెయ్యొద్దని! ఒక ఏడాది పోయింది. నా పని ఏడాది వెనక్కి పోయింది."

"నీకు ఏడాది పోయింది. నాకు చేను పోతాంది," అంది బయమ్మ. "ఏంటికి చేసినావంటే ఏం చెప్పాల? నా మన్ను సురేంద్రన్న చేనిలోకి పోతాంటే, గట్టు మీద కూచోని పోల్చుకోని చూడల్నా?"

జయరాజు పెళ్ళాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నీకేమన్నా పిచ్చా? ఆ సగం ఎండిపోయింటే నువ్వు గెల్చిందువు కదే!"

"తెలుసులేప్పా."

"తెలిసే చేసినావా?"

"తెలిసినాక తీసేద్దామని పోయినా. కాలేదు."

జయరాజు రాశి మీద కాయొకటి తీసి ఒలుచుకుని తిన్నాడు. ఇందులో తాను గెలిచాడో ఓడాడో అతనికి బోధపడలేదు.

బయమ్మ ఇంద్రాణి ముందు గొంతుక్కూర్చుంది. "అట్లయితే మేడమ్మా, నువ్వు చెప్పిందే కదా రెండు పక్కలా పని చేసింది? చూడు సురేంద్రన్న చేను. గొర్రెలు మేసినాయి. నా చేను నిలబడింది. అదే కదా తేడా? ఆ ఒక్క మాట ఈయప్పకు చెప్పు."

ఇంద్రాణి చాలాసేపు కింది చేను వైపు చూసింది. చెప్పాలని ఆమెకూ ఉంది. చెబితే తన పద్ధతి గెలుస్తుంది, ఈమె చేను నిలుస్తుంది. నష్టపోయేది ఎవరు?

"అట్లా చెప్పలేనక్కా," అంది చివరికి. "ఆయన మీకన్నా ముందు విత్తినాడు. ఆ వాలు వేరే, ఆ మన్ను వేరే. మీ చేను కాలువల వల్ల నిలిచిందా, ఆకు వల్లా, ఆలస్యంగా విత్తినందుకా, మీరు రోజూ దాంట్లోనే ఉన్నందుకా... నాకు తెలీదు. నిజంగా తెలీదు."

"నాకోసం ఒగ అబద్ధం చెప్పేదానికి నోరు రాలేదా నీకు? నేను చెప్పలా, గాలికొచ్చిందని?"

ఇంద్రాణికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "చెబితే రేపు ఇంకో ఊళ్ళో ఎవరో నమ్మి నష్టపోతే?"

ఇలా తెలీదని ఒప్పుకునే శాస్త్రవేత్తలు అరుదు. అన్నీ తెలుసనేవాళ్ళను వేదికలెక్కించి, తెలీదనేవాళ్ళను జీపు లేకుండా తిప్పడం వల్లే మెట్ట వ్యవసాయం ఇలా ఉంది. కానీ ఈ ధర్మపన్నాలేవీ ఆ క్షణాన బయమ్మకు ఉపయోగపడలేదు.

సురేంద్రకు కబురు ముందే అందింది. పొద్దు వాలకముందే బండి మీద వచ్చాడు. కాగితాలు, సిరా డబ్బా కూడా తెచ్చుకున్నాడు. "ఏం జయరాజూ, సమానమంట కదా? ఇంకేంటికి ఆలస్యం? వెయ్యమ్మే బయమ్మా."

బయమ్మ కాగితం వైపు చూడలేదు. "నా చేను ఎట్ల నిలబడిందో తెలీదంటాంది అన్నా, అంత చదివిన మేడమే. నాకూ తెలీదు. తెలీని దాన్ని ముప్పై ఏండ్లకు ఎట్లియ్యాల? తెలిసినాక రా, చూద్దాం."

"తేడా లేకుంటే వేలేస్తానంటివి కదా. మాటంటే మాటే."

"అంటి."

"మరి?"

"తప్పినా అనుకో."

సురేంద్ర మొహం ఎర్రబడింది. ఒక కాలనీ ఆడది, మాట తప్పినానని మొహం మీద చెప్పడం అతనికి కొత్త. జయరాజు వైపు తిరిగాడు. "ఏమప్పా, పెండ్లానికి చెప్పుకోలేవా?"

"పట్టా ఆయమ్మ పేరు మీదుందన్నా," అన్నాడు జయరాజు. అది పెళ్ళాన్ని వెనకేసుకు రావడమో, చేతకానితనం చెప్పుకోవడమో అతని గొంతును బట్టి తెలియలేదు. సురేంద్ర బండి తిప్పుకుని పోయాడు. ఆ తర్వాత జయరాజు బయమ్మతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. మాట తప్పడం అతనికీ నచ్చలేదు. ఆదివారం చర్చిలో ఆమె పక్క వరసలో కూర్చుంటే, అతను లేచి వెనక బల్లకు పోయాడు.

ఈ ఏడు మే నెలలో దుక్కి వాన పడింది. ఊళ్ళో ఉన్నది సురేంద్ర ట్రాక్టరే. బయమ్మ మూడుసార్లు మనిషిని పంపింది. మొదట రిపేరన్నాడు, తర్వాత డీజిల్ లేదన్నాడు, మూడోసారి ఏమీ అనలేదు. అదే ట్రాక్టరు ఆమె గట్టు పక్కనుంచి రోజూ పోతోంది.

బయమ్మ ఇంద్రాణికి ఫోన్ చేసింది. "దున్నకుండా ఇత్తితే అవుతుందా మేడమ్మా?"

"కొన్ని చోట్ల అవుతుందక్కా. మీ ఎర్రనేల గట్టిపడుతుంది కదా... అక్కడ ఎట్లుంటుందో నాకు తెలీదు."

మంచం మీద కూర్చున్న జయరాజుకు ఆ మాట వినబడింది. "ఆయమ్మకు తెల్సిందేమన్నా ఉంటే అది చెప్పమను," అని గొణిగాడు. ఎన్ని నెలలకో అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

మర్నాడు అతను పనికి పోలేదు. చొక్కా వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎక్కడికని అడిగితే, బత్తలపల్లె దగ్గర చెల్లెలి ఊళ్ళో ఎవరిదో ఎద్దుల జత బాడుగకిస్తారట, చూసొస్తానన్నాడు. చేను మీద మనసు మారిందో, దుక్కి దున్నించి, అదే పందెం మళ్ళీ పెట్టి ఈసారి సరిగ్గా ఓడించాలనుకున్నాడో బయమ్మకు తెలియలేదు. అడుగుదామనుకుంది. అడిగితే చెబుతాడేమోనని భయమేసి, దారిలో తినమని రెండు ముద్దలు మూటగట్టి ఇచ్చింది.